అరికాలి కింద అద్దం

పొద్దు వాలినాక
గుమ్మం కాడ గచ్చు మీద
మా ఆయన గడ్డం గీసుకునే అద్దం పెట్టి
దాని మీదికి పాదం వంచుతాను.
ఒక్కో వేలి సందూ చూస్తాను,
మడమ చూస్తాను, ఆమెన్ అంటాను.
నా సాయంకాల ప్రార్థనలో
ఇది మొదటి భాగం.
అయ్యగారికి కూడా చెప్పలేదు.

ముప్ఫై ఏండ్లు చిత్తూరు వీధుల్లో తిరిగినాను,
చంకలో సంచి, సంచిలో వాక్యం, కళ్ళద్దాల డబ్బా.
మిట్టూరులో మొదలుపెడితే సంతపేట దాకా
ఇంటికొక ప్రార్థన, ప్రార్థనకొక టీ.
లేయమ్మ ఇంట్లో రెండు చెంచాల చక్కెర,
యోబు మేస్త్రీ ఇంట్లో నాలుగు,
బిడ్డ పరీక్ష పాసైన రోజు ఐదు.
వద్దంటే
"మా ఇంట్లో తాగవా అక్కా?" అని ఒక చూపు.
ఆ చూపు నాకు తెలుసు.
మా అమ్మ ముట్టిన చెంబును
నీళ్ళు చల్లి తీసుకున్న ఇండ్లను చూసి పెరిగినదాన్ని.
అందుకే ఎవరి గ్లాసునూ
వెనక్కి నెట్టలేదు ఏనాడూ.

రోజుకు ఏడు టీలు.
జూన్‌లో ఊరంతా మామిడి గుజ్జు వాసన,
పోయిన ప్రతి ఇంట్లో రెండు పండ్లు.
శుక్రవారం ఉపవాసం.
మాత్ర మింగితే ఉపవాసం చెడుతుందని
మాత్ర కూడా మానుకునేదాన్ని.
నొప్పి లేదు గదా, దేవుడు చూసుకుంటాడు!
నొప్పి లేకపోవడమే జబ్బని
అప్పటికి ఎవరూ చెప్పలేదు.

మేకు దిగింది.
గ్రీమ్స్‌పేటలోనా, నీవా వంతెన దాటినాకనా,
ఈ రోజుకీ తెలీదు.
రెండు రోజులు దాని మీదే నడిచి
ఇంటింటా కూర్చొని
మేకులు దిగిన చేతుల గురించి చెప్పినాను,
నా చెప్పు తడిసింది చెమటకు అనుకుంటా.

ఆస్పత్రిలో సెల్వరాణి అనే నర్సు,
సగం అరవం, సగం తెలుగు.
"ఏమ్మా, కాలు చూసుకునేదే లేదా?" అని
స్టూలు లాక్కొని కూర్చొని
నా పాదం తన ఒళ్ళోకి తీసుకుంది.
నేను వెనక్కి గుంజుకున్నాను.
"వద్దు తల్లీ, నా కాళ్ళు నువ్వు కడిగేదా?"
ఆ మాట నోట్లోంచి వచ్చినాక గానీ
అది ఎవరి మాటో గుర్తు రాలేదు.
ఆ మేడగది, ఆ పళ్ళెం, నడుముకు ఆ తువ్వాలు...
శ్రమదినాల్లో ఎన్నిసార్లు చెప్పి
ఎంతమందిని ఏడిపించినానో.
కడిగించుకునేవాడి సిగ్గు మాత్రం
ఆ రోజే తెలిసింది, చీము వాసనతో సహా.

చిటికెన వేలు పోయింది.
తక్కినవి ఉన్నాయి, లెక్కపెట్టుకుంటా ఉంటాను.

ఇప్పుడు తెల్లారక ముందే లేచి
చెప్పులు వేసుకునే
కట్టమంచి చెరువు గట్టు మీద నడుస్తాను.
రాగి సంగటి పిడికెడు,
ఊరిబిండి వేలికి అంటినంత,
ఆకుకూర మాత్రం తట్టెడు.
ముద్ద కొలుచుకోవడం
దశమభాగం తీయడం కన్నా కష్టం.
బెల్లం మండీ ముందు పోయేటప్పుడు
ఊపిరి నిండా పీలుస్తాను.
వాసనకు ఏ డాక్టరూ లెక్క రాయడు.

చచ్చిపోతే బాగుండునని
ఎడారి చెట్టు కింద పడుకున్న ప్రవక్తకు
దూత వచ్చి ప్రసంగం చేసినాడా?
వేడి రొట్టె పెట్టినాడు, నీళ్ళు పెట్టినాడు.
తిన్నాక మళ్ళా పడుకోనిచ్చినాడు.
ఇన్నేండ్లు ఆ భాగం
గబగబా దాటేసి చదివినాను.

పోయిన వారం యోబు మేస్త్రీ ఇంట్లో
టీ గ్లాసు రాకముందే అన్నాను:
"మజ్జిగ ఇయ్యి నాయనా.
మీరు తాగే గ్లాసులోనే ఇయ్యి."
ఆయన మొహం తేటపడింది.
మజ్జిగ తెచ్చిన ఆయన పెండ్లాం
గ్లాసు ఇచ్చి, అట్నే నిలబడి,
"అక్కా, నా కాళ్ళు కూడా
దూదిమీద నడిచినట్టుంటాయి" అంది.
ఆ రోజు సంచి విప్పలేదు.
గోడనున్న అద్దం దించి
ఇద్దరం నేల మీద కూర్చున్నాము.

తెల్లారితే మా ఆయన అరుస్తాడు,
"నా అద్దం యాడ పెట్టినావే?"
పాదం ఆవిరి మరక
కొంగుతో తుడిచి ఇస్తాను.