మీటకుండా మోగే తీగ

రీగాలో ఫిబ్రవరి. దౌగవ నది గడ్డకట్టింది.
వెల్టా చేతులు అంతకంటే చల్లగా ఉన్నాయి.
గోరువెచ్చటి నీళ్ళలో పది నిమిషాలు ఉంచమన్నాను.
చలిలో నరం మెల్లగా నడుస్తుంది,
లేని జబ్బు ఉందంటుంది.

ముప్పై నాలుగేళ్ళుగా పియానోలు శ్రుతి చేస్తోంది.
ఇప్పుడు కుడిచేతి నడిమివేలు పరాయిదైపోయింది.
"మణికట్టే," అంది, "పట్టీ కూడా కొన్నాను."

మణికట్టు దగ్గర చిన్న షాకు. వేలు ఉలిక్కిపడింది.
మోచేతి దగ్గర ఇంకోటి.
తెరమీద అల లేచి పడింది, లెక్క సరిపోయింది.
దారిలో తప్పేం లేదు.

ఇక సూది.
మోచేతి పైన, వెనక కండలోకి దించి
"వదిలెయ్యండి," అన్నాను, "చెయ్యి మీది కానట్టు."
ఊరుకున్న కండ మాట్లాడకూడదు.
స్పీకర్లో మాత్రం
రేకుల కప్పు మీద వాన మొదలైంది
టప్ టప్ టప్

నేను నోరు తెరవకముందే
ఆమె తల పక్కకి వాల్చింది, పనిలో ఉన్నదానిలా.
"వాన ఇంత లెక్కగా పడదు," అంది.
"మీటకుండానే మోగుతోంది.
మేమైతే అప్పుడు తీగను చూడం,
బిరడాను చూస్తాం."

నా వేలు అప్పటికే ఆమె మెడ మీద ఉంది,
ఆరో పూసకీ ఏడో పూసకీ నడుమ.

రిపోర్టులో నరం పేరు రాశాను: సీ సెవెన్.
కోటు గుండీలు ఎడంచేత్తో పెట్టుకుంటూ చదివి
చాలాసేపు నవ్వింది.
"నా దగ్గరా ఉంది ఆ పేరు,
కుడివైపు, చివరి నుంచి రెండో సీ.
దాన్ని బిగించేటప్పుడే, డాక్టర్,
నేను మెడ బాగా వంచేది."