ఉప్పుమూట

ప్లీడరుగారి లా పుస్తకాల కట్ట
వంగి ఎత్తానంతే.
నడుంలో ఎక్కడో
తడిగుడ్డ పిండినట్టు ఒక మెలిక.
వంగినవాణ్ణి వంగినట్టే
జోజి ఆటోలో వేసుకొచ్చాడు
గవర్నరుపేట బైండింగు షాపు నుంచి కృష్ణలంక దాకా.
దారిలో ప్రతి గతుకూ
తన పేరు చెప్పుకుని మరీ ఎక్కింది.

ఫిలిం వెలుతురుకి పెట్టి డాక్టరు చూపించాడు.
నాలుగుకీ ఐదుకీ మధ్య
బిళ్ళ జారి నరాన్ని నొక్కుతోందట.
ముప్పై ఏళ్ళుగా పుస్తకాలకి వెన్ను కడుతున్నవాణ్ణి,
మైదా జిగురు కుట్టు సందులోంచి ఉబికొస్తే
ఎలా ఉంటుందో నాకొకరు చెప్పాలా?

"కోత ఇప్పుడే వద్దు, ఆరు వారాలు చూద్దాం.
కాలు పట్టు తప్పినా, ఉచ్చ ఆగినా మాత్రం
అర్ధరాత్రయినా పరుగెత్తుకురా."
పరుగెత్తుకు!
నవ్వబోయాను. నవ్వు కూడా అక్కడే పట్టేసింది.

ఇక వైద్యులకి కొదవా?
పక్కవాటా బూబమ్మ
బందరు కాలవ గట్టున వావిలాకు కోసుకొచ్చి
మరగబెట్టి ఆవిరి పట్టమంది.
జోజి వాళ్ళ నాన్న, ఆముదమూ జిల్లేడాకూ అన్నాడు.
కిరాణా పిచ్చేశ్వరరావు
నువ్వులనూనెలో కర్పూరం కరిగించమన్నాడు,
రెండూ తన కొట్లోనే దొరుకుతాయట.

రోహిణీకార్తె.
రోళ్ళ సంగతి తెలీదుగాని
మా రేకుల ఇంట్లో మంచినీళ్ళు కూడా
కాగి ఉండేవి.
ఆ ఎండలో హైమ
రాళ్ళుప్పు మూకుట్లో చిటపటలాడేదాకా వేయించి
పాత లుంగీ ముక్కలో మూటకట్టి
ముందు తన చెంపకి ఆనించి చూసుకుని
అప్పుడు నా నడుం మీద పెట్టేది.
కాపడం నాకు, చెమట తనకి.

పిల్లలు చిన్నప్పుడు
నా వీపెక్కి మెడ వాటేసుకుని
"ఉప్పోయ్ ఉప్పు" అని
వీధంతా తిప్పించి అమ్మించేవాళ్ళు.
ఇప్పుడు నిజం ఉప్పే ఎక్కింది.
కొనేవాళ్ళు లేరు.

చాప మీద నేను, మోకాళ్ళ కింద దిండు.
తుమ్ము వస్తోందంటే ఇల్లంతా కంగారు.
నేల మీంచి చూస్తే ఇల్లు వేరేగా ఉంది.
బల్ల అడుగున ఎవడో అంటించిన క్రికెట్ బొమ్మ,
మంచం కింద ఎప్పుడో పోయిన నా కుట్టుసూది,
ఇంకా,
హైమ లేవడం.

ముందు మోకాలి మీద చెయ్యి.
తర్వాత బీరువా పిడి.
పెదవి బిగించి ఒక్క క్షణం ఆగి
అప్పుడు మిగతా మనిషి.

"ఎన్నాళ్ళనించి?"
"ఏది?"
"నడుం."
గిన్నెలు సర్దుతూనే అంది,
"రెండో కాన్పప్పట్నించి.
చీర బిగించి కడితే తెలీదు."

పద్దెనిమిదేళ్ళు.
ఎంత గట్టిగా కుట్టుకుందో,
ఒక్క దారం బయటికి కనబడలేదు,
బైండరు కంటికి కూడా.

మూడోవారం
గోడ పట్టుకుని వంటింటిదాకా నడిచాను.
ఉప్పు ఎంత వేగాలో తెలీదు,
మూట కట్టబోతే గుడ్డ కాస్త మాడింది.
రమ్మంటే, అన్నం వార్చి వస్తానంది.
వచ్చేసరికి వేడి సగం దిగింది.
"చాల్లే, ఇదే ఎక్కువ" అంటూ
బోర్లా పడుకుంది.
నేను వంగకూడదు కదా,
మోకాళ్ళ మీద కూర్చుని పెట్టాను.