కౌంటరు అవతల

వార్డోలో నవంబరు చివర సూర్యుడు సెలవు పెడతాడు,
మళ్ళీ జనవరిలోనే హాజరు.
చేపల ఫ్యాక్టరీ పై అంతస్తులో నా క్లాసు.
మెట్ల నిండా ఉప్పు వాసన,
వెలగాలా వద్దా అని రోజూ తర్జనభర్జన పడే ట్యూబులైటు.

పదకొండు మంది.
పగలంతా కాడ్ చేపల పొట్టలు చీల్చి
సాయంత్రం నా భాషలో ముళ్ళు ఏరుకోడానికి వస్తారు.

నార్వేజియన్లో క్రియకి రెండో కుర్చీయే కావాలి,
ఎవరు ముందొచ్చి కూర్చున్నా అది కదలదు.
ఆ సంగతి ఎలాగో నేర్చుకున్నారు.
"కాదు" అనే మాటే పిల్లి.
ఏ వాక్యంలో ఎక్కడ ముడుచుకు పడుకుంటుందో తెలీదు.
లెతెబ్రహాన్ నోటుబుక్కులో దాన్ని
ఆరు నెలలు ఎర్ర పెన్నుతో తరిమాను.

ఆ రోజు పుస్తకాలు మూయించాను.
బల్లని అడ్డంగా జరిపి,
మీద ఒక గంటా, కొన్ని తూకం చీటీలూ పెట్టి
"ఇది ఆఫీసు" అన్నాను.
"అర్జీ పెట్టేదెవరు? గుమాస్తా ఎవరు?"

పదకొండు చేతులు లేచాయి,
అన్నీ గుమాస్తా కోసమే.

లెతెబ్రహాన్ నా కళ్ళజోడు అడిగి తీసుకుంది.
శాలువా మడిచి కుర్చీ వీపున వేసింది.
కూర్చుంది.
తల ఎత్తలేదు.
ఎదురుగా దైవా నిలబడే ఉంది,
లెతెబ్రహాన్ చీటీలు తిరగేస్తూనే ఉంది.
నిమిషం. రెండు.
నేను చెప్పిన పాఠం కాదది.

"నంబరు?"
"ఇది ఆ కాగితం కాదు."
"ఈ కిటికీ కాదు."
"మంగళవారం రండి.
ఈ మంగళవారం కాదు."

ఒక్కొక్క "కాదు"
గూట్లో దీపం పెట్టినంత కుదురుగా.
ఘియాత్ బల్ల చరుస్తూ నవ్వాడు,
నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకున్నాడు,
తర్వాత కూడా తుడుచుకుంటూనే ఉన్నాడు.

తర్వాత బుప్ఫా వంతు. ఆమె గుమాస్తా నవ్వుతుంది:
"మీ ఇబ్బంది నాకు అర్థమవుతోంది. కానీ..."
ఆ "కానీ" దగ్గర కొంచెం తల వాల్చింది.
ఎవరి కిటికీ వాళ్ళకి గుర్తే.

గుమాస్తాలు అయిపోలేదు, అర్జీదారులు అయిపోయారు.
నేనే వెళ్ళి వరసలో నిలబడ్డాను.

"పేరు?"
"సోల్‌ఫ్రిడ్."
"అక్షరాలు విడదీసి చెప్పండి."
చెప్పాను.
"ఈ ఊరు ఎందుకు వచ్చారు?"

నేనిక్కడే పుట్టాను.
మా తాత పడవ మునిగింది ఈ నీళ్ళలోనే.
నన్నెవరూ ఎప్పుడూ అడగలేదు.
ఎక్కడ మొదలెట్టాలో తెలీక
నా క్రియ కుర్చీ దొరకక నిలబడిపోయింది.
వెనక ఎవరో గొంతు సవరించుకున్నారు.
నా నోట వచ్చిన వాక్యం
మొదటి రోజు బోర్డు మీద వాళ్ళకి రాసిచ్చిందే:
"కొంచెం నెమ్మదిగా మాట్లాడతారా?"

లెతెబ్రహాన్ అప్పుడు చూసింది, నా కళ్ళజోడు పైనుంచి.
గంట కొట్టింది.
"తర్వాత."

క్లాసయ్యాక మెట్ల మీద
రేపు షిఫ్టు ఉంది, రాలేనని చెప్పింది.
"కాదు" మళ్ళీ తప్పు చోట పడుకుని ఉంది.
దిద్దబోయాను.
కళ్ళజోడు నా చేతిలో పెట్టి
ఆమే ముందు అంది:
"టీచరు, మీరు 'దయచేసి' అనలేదు.
మేం ఎప్పుడూ మర్చిపోం."