పలకని అక్షరం

బాయిలర్ రూమ్ పక్కన నూట పద్నాలుగో గది.
గోడ అవతల ఆవిరి గొట్టాలు
రాత్రంతా నిద్రలేని ముసలాడిలా దగ్గుతుంటాయి.
కిటికీలోంచి నెబ్రాస్కా:
కోసేసిన మొక్కజొన్న మోళ్ళు, వాటి మీద తొలి మంచు,
దూరంగా మాంసం ఫ్యాక్టరీ పొగ.

మా ఓనమాలు అక్షరాలతో మొదలవ్వవు.
లాకర్ తాళంతో మొదలవుతాయి.
కుడికి మూడు చుట్లు తిప్పి పంతొమ్మిది దగ్గర ఆగు,
ఎడమకి ఒక చుట్టు దాటి ఐదు,
మళ్ళీ కుడికి, ముప్పై ఒకటి.
రైటూ లెఫ్టూ అంకెలూ
నోటికంటే ముందు వేళ్ళకొచ్చాయి.
తాళం ఊడగానే యోస్వానీ
హోమ్ రన్ కొట్టినవాడిలా చేతులెత్తి
వరండా చివరిదాకా పరిగెత్తాడు.
ఇఫ్రా తన లాకర్లో ఏమీ పెట్టదు.
రోజూ తెరిచి, ఆ ఖాళీని కాసేపు చూసుకుని
మెల్లగా మూసేస్తుంది.

యులాలియా ఏడు వారాలు మాట్లాడలేదు.
ఆమె ఫారంలో మాతృభాష అన్నచోట
ఆఫీసులో ఎవరో స్పానిష్ అని రాశారు.
నేనూ నమ్మాను.
రోజూ ఆమె బల్ల పక్కన మోకాళ్ళ మీద కూర్చుని
నా వచ్చీరాని స్పానిష్‌లో గుసగుసగా
ప్రతి పాఠమూ రెండోసారి చెప్పాను.
ఆమె తలూపేది.
ఎంత ఓపికగా తలూపేదో!
అక్టోబరు చివర్లో వాళ్ళ మేనమామ వచ్చి
టోపీ చేతుల్లో నలుపుకుంటూ చెప్పాడు:
"మా కొండమీద కంజొబాల్, మిస్.
స్పానిష్ దానికీ కొత్తే."
ఒక గోడ దాటిస్తున్నాననుకుని
ఏడు వారాలపాటు ఆ పిల్లకి
రెండో గోడ కట్టాను.

మొదటి పీరియడ్‌లో నిద్రపోతుంది.
చేతులు క్లోరిన్ వాసన.
ఒకసారి నోటుపుస్తకంలోంచి ఫ్యాక్టరీ బిళ్ళ జారిపడింది.
ఫోటో ఆమెది, పేరు మారిసోల్,
వయసు ఇరవై రెండు.
మా రిజిస్టర్లో పదహారు.
తీసి ఆమె చేతిలో పెట్టాను.
అడగాల్సిన ప్రశ్నకి
నా దగ్గరున్న ఇంగ్లీషు కూడా చాలలేదు.

ఆ గురువారం వంటింటి మాటలు.
ప్లాస్టిక్ చెంచా, ఫోర్కు, కత్తి.
బోర్డు మీద రాశాను, పలికాను: నైఫ్.
అందరూ అన్నారు: నైఫ్.
యులాలియా లేచింది.
నిజంగానే లేచింది. కుర్చీ కిర్రుమంది,
ఎహ్‌డో నోట్లో పెన్సిలు అలాగే ఆగిపోయింది.
నడిచొచ్చి, ముందున్న కే అక్షరం మీద వేలుపెట్టి
నా వైపు చూసింది. "వై?"

ఏం చెప్పను?
ఒకప్పుడు పలికేవాళ్ళమ్మా,
వందల ఏళ్ళ కిందట.
తర్వాత నోళ్ళు మానేశాయి,
చేతులు రాస్తూనే ఉన్నాయి.
ఇవన్నీ చెప్పడానికి మా ఇద్దరి మధ్యా
ఇంకా అరవై మాటలే ఉన్నాయి.
పెదాల మీద వేలు పెట్టి చూపించాను:
ఉంటుంది, మాట్లాడదు.

ఆమె ఆ అక్షరాన్ని చాలాసేపు చూసింది,
బస్సులో పక్కసీటు మనిషి
తమ ఊరివాడేమోనని చూసినట్టు.
తర్వాత, పొద్దున్నే హాజరుకి అందరూ అనే మాట,
తను మాత్రం చెయ్యెత్తి సరిపెట్టే మాట,
స్పష్టంగా అంది:
"మిస్. కే... హియర్."

ఎవరూ నవ్వలేదు.
ఎహ్‌డో పెన్సిలు తీసి, గట్టిగా అన్నాడు:
"క్నైఫ్!"
యోస్వానీ అందుకున్నాడు. ఇఫ్రా అందుకుంది.
క్నైఫ్, క్నీ, క్నాక్,
గోడమీది చార్టు వెతికి మరీ
పలకని ప్రతి కే నీ లేపి నిలబెట్టారు.
గొట్టాలు కూడా గట్టిగా దగ్గాయి.

దిద్దాలి. తెలుసు.
వసంతంలో పరీక్ష, చెవులు పెట్టుకుని వినే కంప్యూటరు,
తప్పుకో మార్కు.
సోమవారం దిద్దుతాననుకున్నాను.
సోమవారం యులాలియా
బల్ల మీద తలపెట్టి నిద్రపోయింది.
ఆ రోజు అందరం చిన్న గొంతుతోనే చదివాం,
ఐ క్నో, యూ క్నో అని.