ఆరో గీత

ప్రతిభ గల పిల్లల్ని గుర్తించి పంపమని
ఆఫీసు నుంచి కాగితం వచ్చింది.
ఐదు గీతలు. శుక్రవారం సాయంత్రంలోగా.

ఇంటర్వెల్ బెల్లు కొట్టేలోపే ఐదూ నింపేశాను.
ఎంతసేపు?
ముందు బెంచీలో కూర్చునేవాళ్ళు,
అడగకముందే చెయ్యెత్తేవాళ్ళు,
మీటింగుకి నాన్న బండి మీద వచ్చేవాళ్ళు,
పుస్తకాలకి అట్టలున్నవాళ్ళు.

పరీక్ష మాత్రం అందరికీ పెట్టాలన్నారు, పెట్టాను.
ఏటుకూరు రోడ్డు మునిసిపల్ బడి, ఐదో తరగతి.
గుంటూరు మార్చి నెల. కిటికీలు మూసినా
కోల్డు స్టోరేజీల మీదుగా వచ్చే గాలికి
నేనూ తుమ్ముతాను, పిల్లలూ తుమ్ముతారు.

ఏడో ప్రశ్న: గుంపులో చేరనిది ఏది?
టమాటా, ఉల్లిపాయ, మిరపకాయ, మామిడిపండు.
కీ పేపర్లో మామిడిపండు.
ఉరుకుందమ్మ మిరపకాయకి సున్నా చుట్టింది.
నేను ఉరుకుందమ్మకి సున్నా చుట్టాను.

కోసిగి నుంచి వచ్చిన పిల్ల.
సీజను పిల్ల అంటాం. హాజరుపట్టీ చివర
అలాంటి పేర్లు పెన్సిలుతో రాస్తాం,
చెరపడానికి వీలుగా.

ఎందుకు చుట్టావే అని అడగమని రూల్లో లేదు.
అడిగాను, ఊరికే.
"ఉల్లిగడ్డ కోస్తే కండ్లు మండ్తాయి మేడమ్,
కడుక్కుంటే పోతాది. మిరపకాయ పోదు.
రాత్రి ఎత్తుకుంటే మా తమ్ముడు ఏడుస్తాడు."

మధ్యాహ్నం సాంబారు వడ్డిస్తూ సైదాబీ అంది:
"ఆ పిల్లా? ముచ్చికలు తీసేకాడ
కాటా పక్కనే నిలబడుద్ది టీచర్.
అది చూస్తా ఉంటే మేస్త్రీ అరకిలో కూడా మింగలేడు.
గోతం బరువు రెండుసార్లు కోశావని
నోటిలెక్కే చెప్పింది మొన్న.
మా ఆడోళ్ళందరికీ తెలుసుగా."

ఫారంలో గడులున్నాయి:
సంగీతం, చదరంగం, చిత్రలేఖనం, వక్తృత్వం.
కాటాకి గడి లేదు.

యార్డులో తాలుకాయలు ఏరే ముసలమ్మని చూశానొకసారి.
రంగు చూసి పక్కన పడేసిన కాయని
మళ్ళీ తీసి, చెవి దగ్గర ఆడించి,
గింజ పలికితే మంచి కుప్పలోకి విసిరేది.
రోజుకి ఎన్ని వేల కాయలో ఆమెకి.
నాకు ముప్పై ఎనిమిదిమంది.

స్కేలు పెట్టి ఆరో గీత గీశాను.
పేరు ఇంకుతో రాశాను.
ఫోన్ చేస్తే, ఐదే అన్నారు.
ఆన్‌లైన్లో ఐదే పడతాయట.
ఒకటి కొట్టెయ్యండి మేడమ్.

ఎవర్ని? లోహితనా? మేరీ సునందనా?
వాళ్ళు మాత్రం ఏం చేశారు?
కలం పట్టుకుని అట్లాగే కూర్చున్నాను.
నిరుడు ఎన్ని పెన్సిలు పేర్లు చెరిపానో
లెక్క గుర్తు రాలేదు.

కళ్ళు మండాయి.
పశ్చాత్తాపం అనుకునేరు,
కాదు. ఆ పిల్ల పేపరు పట్టుకున్న వేళ్ళతోనే
కళ్ళు నలుముకున్నాను.
రెండుసార్లు కడుక్కున్నాను.
పోలేదు.