ఈ ఏటి రంగు

ఆదివారం ఆరింటికి
టంగుటూరు టోల్‌గేటు దాటినాక
మస్తాన్ టీ బంకు ముందు
నాలుగు కార్లు నేలకు పొట్ట ఆనించి పడుకుంటాయి
ఎండ కాగే ఉడుముల్లాగా.
అంతకుముందు స్పీడుబ్రేకరును ఏటవాలుగా దాటుతాయి,
ముగ్గు తొక్కకూడదని అడుగులేసే పెళ్లికూతుళ్లు.

నాకు కారు లేదు.
పొగాకు వేలం కేంద్రంలో గుమాస్తాని.
అయినా నన్ను పిలుస్తారు.
ఏ ఏడు ఏ రంగొచ్చిందో, ఏది ఆపేశారో,
ఎన్ని సెకన్లలో వంద దాటుద్దో
నాకు నోటిలెక్క.
జాతకాలు చూసేవాడు బ్రహ్మచారైతే ఏం?

ఈ వారం పంచాయితీ రంగు మీద.
కొత్త ఏడాది మోడలుకు పచ్చ తీసేసి
ఒక పసుపు తెచ్చారు.
పేరు ఇటలీ మాట, మా ఎవరికీ నోరు తిరగలా.
"రంగుకే ముప్పయ్యొక్క లక్షలంట!
నా కొండలో నలుపు దేవుడు ఊరకే వేశాడు,
బంగారు చుక్కలు కూడా పెట్టి"
అన్నాడు చీమకుర్తి క్వారీ పెంచలరెడ్డి.
"ఊరకే వచ్చినదాన్ని
నువ్వు అడుగు లెక్కన అమ్మట్లా?"
రొయ్యపిల్లల హేచరీ మాలకొండయ్య.
ఆయనకు రంగుతో పనిలేదు, లెక్క కావాలి:
"దేశం మొత్తానికి పదకొండంట.
పన్నెండోది ఉంటే నాకొద్దు."
"నీ ట్యాంకుల్లో కోటి పిల్లలు,
ఒకదాన్నన్నా గుర్తుపడతావా?"
నవ్వాడు కందుకూరు కంటి డాక్టరు శేషఫణి.
ఆయన కారు ఆరేళ్లనాటిది, ఎరుపు.
ఎరుపు కానివన్నీ చూపులోపాలంటాడు.

"పాతదానికే ఈ రంగు కొట్టిస్తే?" అన్నా.
గుడి బయట చెప్పులు మార్చుకున్నోణ్ని చూసినట్టు చూశారు.

ధర కాడ గొంతులు లేచినయ్.
మనం అడిగితే ఇవ్వరంట, వాళ్లే పిలవాలంట.
ముందు రెండు కొన్నోడికే మూడోది చూపిస్తారంట.
"డబ్బు చేతిలో పట్టుకొని నిలబడాలా?"
"నిలబడనిస్తే చాలు!"
నాలుగో కారు జగదీశ్ ఏమీ మాట్లాడడు.
అది వాళ్ల నాన్నది.
ఆయన లేచేలోగా షెడ్డులో ఉండాలి.

నేను జేబులోంచి రేకుముక్క తీశా,
చెన్నై షోరూం నుంచి తెప్పించిన నమూనా, అరచేయంత.
బల్ల మీద పెట్టగానే
నాలుగు తలలు ఒకదానికొకటి తగిలినయ్.

అప్పుడే ఆటో ఆగింది.
కొండపి వైపు గ్రేడింగుకు పోయే ఆడాళ్లు,
టిఫిను డబ్బాలు, తలగుడ్డలు.
"ఏందబ్బాయా అది?" అంకమ్మ.
"రంగు, పిన్నీ."
అడక్కుండానే తీసుకుంది.
బంకు లైటు కింద కాదు, బయటికెళ్లి
తూర్పుకు తిప్పింది.
బొటనవేలితో రాసింది.
అలవాటు కొద్దీ వేలు వాసన చూసుకుంది.

"నిమ్మరంగు కాదు, నారింజా కాదు.
బ్యారన్‌లో ఒకపూట ముందే మంట తీసేసిన ఆకు.
అడుగున పచ్చ నిలిచిపోయింది, చూడు.
మా కాడైతే రెండో కుప్ప."
"ఎంత పలుకుద్ది?"
మాలకొండయ్య నవ్వడంలేదు.
"మొదటిదాని మీద కిలోకి ముప్పై తగ్గుద్ది."
"ఇట్టాంటివి పదకొండే తల్లా!"
పెంచలరెడ్డికి రోషమొచ్చింది, తన సొమ్మయినట్టు.
"పదకొండా?
పొద్దుగూకేలోగా వేల ఆకులు చేతిలో తిరుగుతయ్,
ఒకదాని రంగు ఇంకోదానికి
ఇంతవరకు రాలా."
టీ ఊదుకుంటూ అన్నది, గొప్పకు కాదు,
నడుంనొప్పి సంగతి చెప్పినట్టు.

ఆటో హారను కొట్టింది.

డాక్టరు రేకును ఎండలోకి తీసుకెళ్లాడు.
కళ్లద్దాలు తీశాడు, పెట్టాడు.
"పచ్చ ఉందిరా," అన్నాడు మెల్లగా, "అడుగున."
పచ్చ లేకుండా ఒకటి దొరుకుద్దేమో
రేపు ఫోన్ చేసి కనుక్కోమన్నాడు పెంచలరెడ్డి.
రేకు మీద ఆమె వేలిముద్ర,
పొగాకు జిగురు, లేత గోధుమ.
తుడవబోయి ఆగా.

మాలకొండయ్య నన్ను పక్కకు పిలిచి
"ఆమెది ఏ ఊరో తెలుసా?" అన్నాడు.
జగదీశ్ టైము చూసుకుంటున్నాడు.