అడుగు

ఎన్నాళ్ళకోసారి తియ్యాలన్నా, అడుగు చెత్త?
అని అడిగాడు ఢిల్లేశు.
రాత్రి రెండున్నర. డ్రెడ్జరు పంపు గది.
చెవుల్లో దూది, చేతిలో చల్లారిన టీ.
మొన్ననే కొన్నాడు వాడు రెండడుగుల చేపల తొట్టె,
కూతురు పేచీ పడలేక.

మా కింద సముద్రం.
దాని అడుక్కి ముక్కు ఆనించి
ఓడలొచ్చే దారిలో పేరుకున్న ఇసుకని
మా గొట్టం పీలుస్తూనే ఉంది.
ఏటేటా తోడతాం.
ఏటేటా దక్షిణం నుంచి అలలు మోసుకొస్తాయి.
తోడింది తీసుకెళ్ళి బీచి పక్కన పోస్తాం,
అదీ అక్కడ నిలవదు.
ఎన్నాళ్ళకోసారని దీన్నెవరూ అడగరు.

నా సంగతి చెప్పాను వాడికి.

మల్కాపురంలో మా ఇల్లు.
కిటికీ చట్రం మీద వేలితో పేరు రాయొచ్చు,
బొగ్గో, ఇనప ఖనిజమో, ఏదైతేనేం,
పొద్దున తుడిస్తే సాయంత్రానికి మళ్ళీ నలుపే.
తుడవడం హైమ దగ్గరే నేర్చుకోవాలి ఎవరైనా.
నేనూ నేర్చుకున్నాను.
తొట్టె కొన్న మొదటి నెలంతా
రోజూ గులకరాళ్ళు కెలికాను.
ఓ ఆదివారం, పొయ్యి మీద మాంసం ఉడుకుతుండగా,
రాళ్ళన్నీ జల్లెడలో పోసి
కొళాయి కింద బియ్యం కడిగినట్టు
మూడు నీళ్ళు, నాలుగు నీళ్ళు,
కుడితి పోయి తేట వచ్చేదాకా.

మంగళవారానికి రెండు పోయాయి.
గురువారానికి, నల్లంచు తోకది.
అద్దం మాత్రం అద్దంలా ఉంది.

పూర్ణామార్కెట్ వెనక సందులో
మైలపల్లి దానయ్య కొట్టు.
లెక్కల పుస్తకం మీంచి తలెత్తకుండానే,
"మొత్తం కడిగీసినావేటి?"
కడిగాను.
"కొళాయి నీళ్ళతోటే?"
కొళాయి నీళ్ళతోటే.
"నువ్వు కడిగింది సెత్త కాదు బాబూ.
ఆ రాళ్ళని పట్టుకోని కంటికాననివి కాపరాలుంటాయి.
సేపలు ఇడిసిందే ఆటికి కూడు.
ఆటిని ఎల్లగొట్టీసి
నీళ్ళు బాగున్నాయంటే ఎలాగ?"

మరైతే ఎన్నాళ్ళకోసారి?
పళ్ళ సందున వక్కపలుకు కనపడేలా నవ్వాడు.
"నన్నడుగుతావేటి?
అడుగునే అడుగు."

అడగడం నేర్చుకోడానికి ఏడాది పట్టింది.

చీపురుపుల్ల తీసుకో ఢిల్లేశూ,
రాళ్ళ మధ్య మెల్లగా గుచ్చు.
గోధుమరంగు పొగ లేచి
లేచినచోటే కూర్చుంటే, ఇంకో వారం ఆగు.
కూర్చోకుండా ఊరంతా తిరుగుతుంటే
బకెట్టు తెచ్చుకో.
బుడగలొచ్చి కోడిగుడ్డు కుళ్ళిన కంపు కొడితే
అప్పటికే ఆలస్యం చేశావన్నమాట.

మామూలుగా నాకు పదిహేను రోజులు.
తుఫాను గాలికి కరెంటు పోయి
బుడగల మోటారు ఆగిన వారం, ఇంకా ముందే.
గోల్డుఫిష్షులైతే చెప్పక్కర్లేదు,
మా బావమరిదిలాగ, పెట్టింది పెట్టినట్టు తింటాయి.
ఈసారి ఎడమ సగం తియ్యి, వచ్చేసారి కుడి సగం.
మొక్క వేళ్ళ జోలికి పోకు,
అక్కడ దాని అన్నం అది తింటోంది.
కొత్త నీళ్ళు ముందురోజే పట్టి ఉంచు, మందు వాసన పోవాలి.
తీసిన నీళ్ళు కరివేపాకు మొదట్లో పొయ్యి.
గొట్టాన్ని నోటితో పీల్చకు.
నేను పీల్చాను.
ఆ రుచి ఇప్పటికీ హైమకి చెప్పలేదు.

ఢిల్లేశు ఫోన్లో రాసుకున్నాడు.
తొంగి చూశాను.
"15 రోజులు." అంతే.

ఇంతలో పంపు గొంతు మారింది,
ఏ రాయో అడ్డం పడ్డట్టు.
ఇద్దరం లేచాం. ముల్లు వణికింది, వణికింది,
మింగేసినట్టుంది, మళ్ళీ దారిలో పడింది.
యారాడ కొండ మీద దీపం
తన మానాన తను తిరుగుతోంది.

ఇంటికొచ్చేసరికి ఎనిమిది.
హైమ కిటికీ తుడుస్తోంది.
తొట్టెలో పెద్ద చేప
ఓ చిన్న రాయి నోట్లోకి తీసుకుని
అటు తిప్పి ఇటు తిప్పి, రుచి చూసి,
ఉమ్మేసి, పక్కదాన్ని అందుకుంది.

ఇవాళ పన్నెండో రోజు.
చీపురుపుల్ల చేతిలోకి తీసుకుని
కాసేపు నిలబడి
మళ్ళీ పెట్టేశాను.